మెట్టుకొక కుటుంబం

పోయిన వారం మీటరమ్మను మనం గులాబీ బిల్డింగు మెట్ల కింద, మీటర్ల గదిలో నిలబెట్టి వచ్చాం. చేతిలో రీడింగు మిషను, ఎదురుగా గోడకు ఇరవై నాలుగు కరెంటు మీటర్లు. వాటిలో పదకొండు మీటర్లు నెలల తరబడి ఉలుకూ పలుకూ లేనివి. పక్కనే గోడకు అంటించిన కాగితం ఒకటి. వచ్చే ఆదివారం ఉదయం పదింటికి డాబా మీద ఓనర్ల మీటింగు అనీ, అద్దెకు ఎవరూ రాక పాడుబడుతున్న పదకొండు ఫ్లాట్లను అమ్మేసే విషయం మాట్లాడతారనీ అందులో ఉంది. కింద సంతకం బ్రోకరుది. సరిగ్గా ముందురోజే ఆ మనిషి ఆమెతో, "ఆ బిల్డింగులోనా? పిచ్చుక గూడు పెట్టుకుందామన్నా చోటు లేదమ్మా" అని నవ్వి పంపేశాడు.

ఆ బ్రోకరును ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవరు. గుత్తి అంటారు. నడుముకు తాళాల గుత్తి వేలాడేసుకుని, అది గలగలమనేలా నడుస్తాడు. ఊళ్ళో ఏ ఇంటికి తాళం పడినా ఆ తాళంచెవి తిరిగి తిరిగి ఆ నడుముకే చేరుతుంది. ఊరి చివర ఫ్యాక్టరీ వచ్చిన దగ్గర్నించీ ఇళ్ళు దొరకడం గగనమైపోయింది. దొరికిన ఇంటి అద్దె వింటే కళ్ళు తిరుగుతాయి.

మీటరమ్మకు మిగిలింది ఆరు రోజులు. చెప్పుల దుకాణం వెనక రెండు గదుల వాటాలో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నారు ఆమె, ఆమె భర్త, అత్తగారు. దుకాణందారుకు గోడౌను కావలసి వచ్చింది. నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నాడు. రెండు నెలలుగా తిరగని వీధి లేదు. భర్త గోడలకు రంగులు వేసే మనిషి. ఊళ్ళో సగం ఇళ్ళకు అతని చేత్తోనే రంగు పడింది. అయినా తనవాళ్ళను పెట్టుకోవడానికి నాలుగు గోడలు దొరకలేదు.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, ఇల్లు అద్దెకి వెతికి చూడు అనలేదెందుకో" అంటుంది అత్తగారు. "అన్నవాడికి సొంతిల్లు ఉండుంటుంది."

ఆ రోజు ఇంటికి వచ్చి మీటరమ్మ కాగితం సంగతి చెబితే భర్త రంగు మరకల చేతులు కడుక్కుంటూ ఆగిపోయాడు.

"నీ ఉద్యోగం గుర్తు పెట్టుకో" అన్నాడు నెమ్మదిగా. "మీటర్లు కదల్లేదని బయట చెప్పావో, ఇల్లు దొరక్కపోగా ఉద్యోగం కూడా పోతుంది."

"మీటర్ల మాట నేను ఎత్తను. మీటర్లో అంకెలు ఆఫీసువి. తలుపులకి వేలాడే తాళాలు మాత్రం మెట్లెక్కిన ప్రతివాడూ చూసేవే."

"తాళాలు చూపిస్తే ఏం లాభం?" అంది అత్తగారు మంచం మీద నుంచి. ఆవిడకు చెవి కాస్త దూరం గానీ, తనకు కావలసిన మాట గోడ అవతల అన్నా వినబడుతుంది. "అద్దెకి ఎవరూ రావట్లేదు, అందుకే తాళాలు అనే కదా వాడు చెప్పేది. తాళాలు కాదే అమ్మాయ్. మనుషుల్ని చూపించు."

మీటరమ్మ ఆవిడ వంక చూసింది. పెళ్ళయి పదకొండేళ్ళయినా అత్తగారు తనకు ఇచ్చిన సలహాల్లో పనికొచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇది మాత్రం బొటనవేలు లాంటిది.

ఇంటింటికీ తిరిగే మనిషి కనబడితే ఎవరైనా అడిగే మాట ఒకటే. అమ్మా, మీ రూట్లో ఎక్కడైనా ఇల్లు ఖాళీ ఉందా? నర్సు అడిగింది. లారీ డ్రైవరు భార్య అడిగింది. సైకిళ్ళు బాగుచేసే మెకానిక్కు, బేకరీలో పనిచేసే అక్కచెల్లెళ్ళు, పిల్లలకు లెక్కలు చెప్పుకునే టీచరు, అందరూ అడిగినవాళ్ళే. ఇంతకాలం ఆమె లేదని తల అడ్డంగా ఊపి పక్క ఇంటికి పోయేది. ఆ వారం మాత్రం రూటు పూర్తయ్యాక, సాయంత్రాలు, వాళ్ళ గుమ్మాలకే తిరిగి వెళ్ళింది. ప్రతి ఒక్కరికీ చెప్పింది ఒకే మాట.

"ఆదివారం పదింటికి గులాబీ బిల్డింగుకి రండి. ఇంట్లో వాళ్ళందరితో రండి. ఒక కాగితం మీద మీరేం పని చేస్తారో, ఎంతమంది ఉంటారో, ఎంత అద్దె ఇవ్వగలరో రాయండి. గుత్తి దగ్గరికి ఏ రోజున వెళ్ళారో, ఏం చెప్పి పంపాడో అది కూడా. ఒక్క అక్షరం ఎక్కువ రాయొద్దు."

"ఇల్లు దొరుకుతుందా?" అని అడిగింది నర్సు.

"తెలీదు. కానీ మనం ఉన్నామని మాత్రం వాళ్ళకి తెలుస్తుంది."

ఆదివారం వచ్చింది.

గులాబీ బిల్డింగు గులాబీ రంగు పోయి చాలా కాలమైంది. ఎండకూ వానకూ ఇప్పుడది కడిగి కడిగి వెలిసిన పాత చొక్కాలా ఉంది. నాలుగంతస్తులు. లిఫ్టు గదికి పలక అడ్డం పెట్టి ఉంది, లిఫ్టు ఏనాడూ రాలేదు. మెట్లు సన్నగా, ఒక పక్క ఇనప కమ్మీతో, మలుపు మలుపుకూ ఒక కిటికీతో పైదాకా వెళతాయి. డాబా మీద నీళ్ళ టాంకు నీడలో ప్లాస్టిక్కు కుర్చీలు వేశారు.

ఆ పదకొండు ఫ్లాట్ల ఓనర్లూ బయటి ఊళ్ళవాళ్ళే. పొద్దున్న బస్సులకు దిగి, మొహాలు కడుక్కుని కూర్చున్నారు. వాళ్ళలో పెద్దాయన రిటైరైన రైలు గార్డు. మోకాలికి ఆపరేషన్ అయ్యి రెండేళ్ళుగా ఈ ఊరికి రాలేకపోయాడు. చేతికర్ర కుర్చీకి ఆనించి, తెల్ల చొక్కా జేబులో కళ్ళజోడు పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. ఆయన పక్కన పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ, మాటిమాటికీ గడియారం చూసుకుంటోంది. ఎదురుగా చిన్న బల్ల. బల్ల వెనక గుత్తి. వాడి పక్కన వాడి బావమరిది, చేతిలో అమ్మకం కాగితాల కట్టతో, కలం మూత తీసేసి మరీ కూర్చుని ఉన్నాడు.

డాబా మీదికి తెరుచుకునే తలుపు వెనక మెట్టు మీద నిలబడి మీటరమ్మ వింటోంది. ఆదివారం గనుక ఖాకీ చొక్కా వేసుకోలేదు. బయల్దేరేటప్పుడు అత్తగారు బలవంతాన నీలం చీర కట్టించింది. "ఇల్లు అడగడానికి పోయేవాళ్ళు ఇల్లున్నవాళ్ళలా కనబడాలి" అంది.  ఎన్నో ఇళ్ళలో కుక్కల్ని దాటుకుని మీటర్లు చదివింది. ఎన్నడూ ఇంత దడ లేదు.

"మీకు తెలియనిదేముంది సార్" అంటున్నాడు గుత్తి, గొంతులో తేనె పోసుకుని. "ఊరు చచ్చిపోయింది. ఫ్యాక్టరీ వచ్చింది అంటారు, వచ్చినవాళ్ళంతా క్వార్టర్స్‌లో ఉంటున్నారు. ఏడాది నుంచి మీ ఫ్లాట్లు అద్దెకని నా చెప్పులరిగేలా తిరిగాను. అడిగే నాథుడు లేడు. తాళం వేసిన ఇల్లు, తైలం లేని యంత్రం ఒకటే సార్, తుప్పు పడుతుంది. మా బావమరిది ఏదో ముచ్చటపడి కొంటానంటున్నాడు. ఈ ధరకి ఇంకెవరూ రారు. ఆ తర్వాత మీ ఇష్టం."

"ఒక్కరైనా అడగలేదా?" అన్నాడు గార్డు.

"ఒక్కరు కూడా లేరు సార్. నా పిల్లల మీద ఒట్టు."

"నేను అడిగాను" అంది మీటరమ్మ.

తలలన్నీ తలుపు వైపు తిరిగాయి. ఆ మాట తనే అన్నదని ఆమెకు అందరూ తనను చూశాక గాని తెలియలేదు. ఇంక వెనక్కి తగ్గేదేముంది. రెండడుగులు వేసి ఎండలోకి వచ్చింది.

"నాలుగు సార్లు అడిగాను సార్. ఆఖరి సారి ఈ సోమవారం. ఈ బిల్డింగులో పిచ్చుకకి కూడా చోటు లేదన్నారు ఈయన."

గుత్తి మొహంలో నవ్వు చెక్కు చెదరలేదు. ఇరవై ఏళ్ళుగా ఇల్లున్నవాళ్ళకూ లేనివాళ్ళకూ మధ్య నిలబడి బతికినవాడు. అంత తేలిగ్గా తొణకడు.

"ఇది ఓనర్ల మీటింగమ్మా. మీటర్లు చూసుకునేవాళ్ళకి ఇక్కడేం పని?" అని, ఓనర్ల వైపు తిరిగాడు. "ఈవిడ కరెంటాఫీసు మనిషి సార్. మీ మీటర్ల వివరాలు చూసి, ఇళ్ళు ఖాళీగా ఉన్నాయని కనిపెట్టి, బేరానికి వచ్చింది. మీ ఇంటి సంగతులు బయటపెట్టే హక్కు ఎవరిచ్చారు ఈవిడకి? రేపు నేనొక కాగితం రాసి పడేస్తే ఉద్యోగం ఊడుతుంది."

వెనక మెట్టు మీద నిలబడ్డ భర్త ఊపిరి బిగబట్టడం ఆమెకు తెలిసింది. ఇదే మాట వస్తుందని ఐదు రోజులుగా తెలుసు. నీళ్ళు పట్టుకుంటూ, వంట చేస్తూ, రాత్రి పక్క మీద దొర్లుతూ జవాబు కుదురుస్తూనే ఉంది. తీరా నోరు తెరిస్తే కుదుర్చుకున్నది ఒకటీ రాలేదు. ఉన్నమాటే వచ్చింది.

"రాయండి. నేను మీటరు గురించి ఒక్క మాటన్నానేమో ఇక్కడున్న వాళ్ళని అడగండి. నేనన్నది, ఇల్లు కావాలని మిమ్మల్ని అడిగానని. అది ఆఫీసు రహస్యం కాదు. నా అవసరం. తలుపులకున్న తాళాలంటారా, పాలవాడు చూస్తాడు, పేపరువాడు చూస్తాడు. ఒక తాళం మీద సాలెపురుగు మూడు తరాల సంసారం చేసింది. దానికి మీటరు చూడక్కర్లేదు."

ఎవరో ఫక్కున నవ్వి ఆపుకున్నారు. పళ్ళ డాక్టరమ్మ గడియారం చూడటం మానేసింది.

"సరే, అడిగింది" అన్నాడు గుత్తి చేతులు చాచి. "ఒక్కావిడ అడిగింది, మర్చిపోయాను, తప్పే. అయితే ఏంటి సార్? ఈవిడొక్కదానికి ఒక ఫ్లాటు ఇస్తారు. మిగతా పదింటినీ ఏం చేస్తారు? పావురాలకిస్తారా?"

మీటరమ్మ గార్డు వైపు చూసింది.

"సార్, మీకు మోకాలు నొప్పని విన్నాను. అయినా ఒక్కసారి లేచి ఈ మెట్ల దగ్గరికి రాగలరా?"

గార్డు ఆమెను ఎగాదిగా చూశాడు. కర్ర అందుకుని లేచాడు. ఆయన వెనకే పళ్ళ డాక్టరమ్మ, ఆవిడ వెనక మిగతావాళ్ళు. డాబా తలుపు దగ్గర నిలబడి కిందికి చూశారు.

మెట్ల మీద మనుషులు.

పై మెట్టు మీద రంగులు వేసే భర్త, అతని చెయ్యి పట్టుకుని అత్తగారు. వాళ్ళ కింద నర్సు, ఆమె తల్లి. వాళ్ళ కింద లారీ డ్రైవరు, అతని భార్య, చంకలో పిల్ల. కింద మెకానిక్కు, ఆ కింద బేకరీ అక్కచెల్లెళ్ళు, లెక్కల టీచరు, ఆ వెనక ఇంకా, మలుపు తిరిగి కింది అంతస్తు దాకా. మెట్టుకొక కుటుంబం. అందరూ గోడవైపు ఒదిగి, రెండో పక్క దారి వదిలి, చేతుల్లో తలా ఒక కాగితం పట్టుకుని, మాటా పలుకూ లేకుండా పైకి చూస్తున్నారు. ఓనర్లు పైకి చేరిన దగ్గర్నించీ అలాగే నిలబడి ఉన్నారు. పిల్లలు కూడా గోల చెయ్యలేదు. ఇంటి కోసం వచ్చామని పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

వాళ్ళను పొద్దున ఒక్కొక్కరినీ లోపలికి పంపినది తనే అయినా, పై నుంచి అలా అందరినీ ఒక్కసారి చూసేసరికి మీటరమ్మ వేళ్ళు మడిచి మళ్ళీ లెక్కపెట్టుకుంది.

గార్డు కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఎన్ని కుటుంబాలు?"

"మాతో కలిపి పదకొండు సార్."

"పదకొండు" అన్నాడాయన, ఆ మాటను నోట్లో కాసేపు ఉంచుకుని. తర్వాత కర్ర పోటు వేసుకుంటూ మెట్లు దిగడం మొదలుపెట్టాడు. ముప్పై నాలుగేళ్ళు రైలు పక్కన ప్లాట్‌ఫారం మీద ఒక్కో పెట్టెనూ చూసుకుంటూ నడిచిన మనిషి. అలాగే ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, కాగితం తీసుకుని, చదివి, ఎదురుగా ఉన్న మొహం చూసి, మళ్ళీ కాగితం వెనక్కి ఇస్తున్నాడు.

నర్సు దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగాడు.

"పన్నెండో తారీఖున వెళ్ళావా అమ్మా?"

"అవునండీ. పొద్దున డ్యూటీ దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా ఈయన దగ్గరికే వెళ్ళాను. తొమ్మిదయింది. గులాబీ బిల్డింగులో ఏమైనా ఉందా అని అడిగాను. ఒక్క గది కూడా ఖాళీ లేదన్నారు. రెండింతలు ఇస్తే బజారులో ఒక వాటా చూపిస్తానన్నారు."

గార్డు జేబులోంచి ఫోను తీశాడు. చేతిని బారెడు దూరం చాచి, కళ్ళు చికిలించి వెతికాడు. అందరికీ వినబడేలా, స్టేషనులో బండి వివరాలు చదివినట్టు చదివాడు.

"పన్నెండో తారీఖు. ఉదయం పదకొండు. 'సార్, ఈ నెల కూడా అడిగేవారు లేరు. ఊరు చచ్చిపోయింది. వచ్చిన ధరకి వదిలించుకోవడం మంచిది.'" ఫోను దించాడు. "తొమ్మిదింటికి ఈ అమ్మాయి నిన్ను అడిగింది. పదకొండింటికి ఎవరూ అడగలేదని నాకు రాశావు. రెండు గంటల్లో ఊరు చచ్చిపోయిందా?"

గుత్తి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. పక్కన బావమరిది కలానికి మూత పెట్టాడు. ఆ చిన్న చప్పుడు డాబా అంతా వినబడింది.

అప్పుడు లేచింది గొడవ. ఓనర్లు ఒకరి ఫోను ఒకరు చూసుకుంటున్నారు. అందరికీ అదే మాట, అదే చచ్చిపోయిన ఊరు. ఓనర్లకు అద్దెలు రావని చెప్పి కారుచౌకగా కొనడం, మెట్ల మీద వాళ్ళకు ఇళ్ళు లేవని చెప్పి మిగతా ఇళ్ళ అద్దెలు పెంచడం. రెండు వైపులా ఒకే మనిషి, రెండు వైపులా ఒకే అబద్ధం.

గుత్తి ఆఖరి రాయి విసిరాడు. "సార్, వీళ్ళ మొహాలు చూసి మోసపోకండి. వీళ్ళు ఇచ్చే అద్దెకి మీ గోడల సున్నం కూడా రాదు."

ఎప్పుడూ నలుగురిలో నోరెత్తని మనిషి, మీటరమ్మ భర్త, అప్పుడు మాట్లాడాడు.

"సున్నం సంగతి నేను చూసుకుంటాను సార్" అన్నాడు ఓనర్లతో. "పదకొండు ఇళ్ళకీ నేనే రంగు వేస్తా. రంగు మీరు కొనివ్వండి. కూలి అడగను."

"కూలి తీసుకోవాలి" అన్నాడు గార్డు వెంటనే. "పని చేసినవాడు కూలి తీసుకోవాలి. అది వేరే మాట్లాడుకుందాం. అమ్మాయ్, అద్దె ఎంత ఇవ్వగలరు మీరు?"

"బజారులో ఈయన చెబుతున్న దాంట్లో సగం" అంది మీటరమ్మ. "అంతకన్నా ఎక్కువ ఒప్పుకుంటే మూడో నెలకి మాట తప్పాల్సి వస్తుంది. ఆ సగం మాత్రం ఒకటో తారీఖు దాటదు. ఈ కాగితాల మీద అందరూ అదే రాశారు."

ఓనర్లు మొహమొహాలు చూసుకున్నారు. పళ్ళ డాక్టరమ్మే ముందు నోరు విప్పింది. "నాకు ఏడాదిగా వస్తున్నది సున్నా. సున్నా కన్నా సగం పెద్దదని నాకు చిన్నప్పుడే చెప్పారు. నా ఫ్లాటు ఈ నర్సుకి ఇస్తున్నాను. నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకునే మనిషి, ఇరుగుపొరుగుతో పోట్లాటక్కూడా తీరిక ఉండదు."

తర్వాత ఒకరి వెనక ఒకరు చేతులెత్తారు. పదకొండో చెయ్యి పైకి లేచినప్పుడు మెట్ల మీద ఎవరో వెక్కిన చప్పుడయింది. లారీ డ్రైవరు భార్య. ఏడుస్తూనే, చంకలో పిల్లను సర్దుకుంటూ, "ఊరికేనండీ, ఏమీ లేదు" అంటోంది.

గార్డు బల్ల దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు. "తాళాలు."

గుత్తి తన నడుము నుంచి తాళాల గుత్తి విప్పడానికి చాలాసేపు పట్టింది. కొక్కెం ఎంతకీ ఊడలేదు. ఆఖరికి ఊడి బల్ల మీద పడింది. తాళాలు లేని నడుముతో వాడు ఒక్కసారిగా ఊళ్ళో అందరిలాంటి మనిషైపోయాడు. అత్తగారు వాడి దగ్గరగా వెళ్ళి, చెవి దూరమైన మనుషులకు రహస్యాలు చెప్పడం ఎలా చేతనవుతుందో అలాగే, డాబా అంతా వినబడేలా అంది. "పాపం, నీకూ ఇల్లు కావాలంటే చెప్పు నాయనా. మా కోడలు వెతికి పెడుతుంది."

ఈసారి నవ్వును ఎవరూ ఆపుకోలేదు.

తాళంచెవులకు అట్టముక్కలు కట్టి నంబర్లు రాసి ఉన్నాయి. గార్డు ఒక్కొక్కటే విప్పి ఇస్తున్నాడు. ముందు నువ్వే తీసుకోమని మీటరమ్మను పిలిస్తే ఆమె వెనక్కి జరిగింది. "వాళ్ళని చూసుకోనివ్వండి సార్. నా మాట మీద పొద్దున్నించి నిలబడ్డారు."

పావుగంటలో బిల్డింగు బిల్డింగంతా తలుపుల చప్పుళ్ళతో నిండిపోయింది. తుప్పు పట్టిన గడియలు కిర్రుమంటున్నాయి. కిటికీ రెక్కలు గోడలకు కొట్టుకుంటున్నాయి. బేకరీ అక్కచెల్లెళ్ళు గదిలో నిలబడి ఒకరినొకరు పిలుచుకుని ప్రతిధ్వని వింటున్నారు. మెకానిక్కు పంపు తిప్పితే ముందు గాలి, ఆ తర్వాత ఎర్రటి నీళ్ళు, ఆ తర్వాత మంచినీళ్ళు వచ్చాయి. "వచ్చాయ్" అని అతను అంటే రెండంతస్తుల పైదాకా వినబడింది. మీటరమ్మ మెట్ల మధ్యలో నిలబడి ఆ చప్పుళ్ళన్నీ విన్నది. ఏడేళ్ళుగా బిల్లులు ఇవ్వడానికి ఈ మెట్లు ఎక్కి దిగుతోంది. ఈ బిల్డింగుకు ఇంత గొంతు ఉందని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

చివరికి గార్డు చేతిలో ఒక్క తాళంచెవి మిగిలింది.

"మూడో అంతస్తు, చివరిది. ఇది నాదే" అన్నాడు. "తూర్పు కిటికీ ఉంది. మా ఆవిడ బతికున్నప్పుడు ఇక్కడే ఉందామనుకున్నాం. నువ్వు తీసుకో."

మీటరమ్మ చెయ్యి చాచబోయింది. అంతవరకు మూల నిలబడి నేల చూస్తున్న గుత్తి ఉలిక్కిపడి తలెత్తాడు.

"అది వద్దు సార్" అన్నాడు. "దాంట్లో పైకప్పు కారుతోంది. పెచ్చులూడి మనుషుల మీద పడతాయి. నేను బాగుచేయించి, రెండు రోజుల్లో నా చేత్తో అప్పగిస్తా."

"నా ఇల్లు కారితే నేను తడుస్తాను. నీకెందుకు?" అని గార్డు తాళంచెవిని ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

ఇనప ముక్క. ఎండకు వెచ్చగా ఉంది. రెండు నెలలు తిరిగిన వీధులన్నీ ఆ గుప్పిట్లోకి వచ్చి చేరినట్టనిపించింది ఆమెకు.  భర్త ఆమె చీర కొంగుకు అంటిన గోడ సున్నం వేళ్ళతో దులిపాడు. అత్తగారిని చెయ్యి పట్టుకుని దించమని అతనికి చెప్పి, తను ఆగలేక ముందే మెట్లు దిగింది.

మూడో అంతస్తు చివరి తలుపు ఆకుపచ్చ రంగుది. ఎదురు గోడకు వెలుతురు పడుతోంది. దీనికి వేలాడే తాళం లేదు, తలుపులోనే బిగించిన తాళం. తాళంచెవి పెట్టి తిప్పింది. తిరిగింది. తలుపు తోసింది. కదల్లేదు. చెమ్మకు ఉబ్బిందేమో అని భుజం ఆనించి మళ్ళీ తోసింది. తలుపు ఉబ్బలేదు. లోపలి నుంచి గడియ పెట్టి ఉంది.

ఆమె తలుపుకు చెవి ఆనించింది.

లోపల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు. తర్వాత అడుగులు, ఉత్తి కాళ్ళవి, మెల్లగా, బరువుగా. తలుపుకు అవతలి పక్క ఒక ఆడగొంతు, పైకి వినబడకూడదన్నంత చిన్నగా పలికింది.

"తాళాల గుత్తి ఆయన పంపారాండీ? ఈ నెల అద్దె ఆయనకి ఇచ్చేశాను కదండీ."

మీటరమ్మ తాళంచెవిని తలుపులోంచి వెనక్కి లాగింది.

"లైటు వెయ్యలేదండీ" అంది ఆ గొంతు, గబగబా. "వచ్చిన దగ్గర్నించీ ఒక్కరోజు కూడా వెయ్యలేదు. కిటికీ కూడా తెరవలేదు. ఆయన చెప్పినట్టే ఉంటున్నాను. ఈ ఒక్క నెల ఉండనివ్వండి. నాకు నెలలు నిండాయి. ఇప్పుడెక్కడికని పోతాను?"

గడియ తీసిన చప్పుడయింది. తలుపు జానెడు తెరుచుకుంది. చీకటి గదిలోంచి రెండు కళ్ళు ఎండకు ముడుచుకుపోతూ ఆమెను చూశాయి. ఒక చెయ్యి నిండు కడుపు మీద ఉంది. ఇంకో చెయ్యి తలుపు రెక్కను గట్టిగా పట్టుకుని ఉంది.

పై మెట్ల మీద కర్ర చప్పుడు వినబడింది. గార్డు ఒక్కో మెట్టూ దిగుతూ, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ వస్తున్నాడు. ఆ వెనక అత్తగారి గొంతు, పొయ్యి ఏ మూల పెట్టాలో కొడుక్కి చెబుతోంది.

"ఏమ్మా" అని పై నుంచి పిలిచాడు గార్డు. "తలుపు తెరుచుకుందా?"

మీటరమ్మ తన చేతిలో ఉన్న తాళంచెవి వైపు చూసింది. తలుపు సందులోని కళ్ళ వైపు చూసింది. జవాబు చెప్పడానికి నోరు తెరిచింది.